బన్రాటీ ఫోక్ పార్క్, ఐర్లాండ్: అమ్మని తీసుకెళ్ళాం, ఒక రోజు చాల్లేదు

మాది పర్లాకిమిడి. చెల్లి లిమరిక్‌లో ఉద్యోగం, మొన్న వేసవిలో నేనూ అమ్మా వెళ్ళి మూడు వారాలు దాని దగ్గర ఉండొచ్చాం. మా వీధిలోనే ఇంకో ఇద్దరి పిల్లలు ఐర్లాండ్‌లో ఉన్నారు, పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఏటి చూపించాలి అని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. డబ్లిన్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇక్కడికి తీసుకెళ్ళండి.

లిమరిక్‌లో షానన్ ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కితే దారిలోనే ఆగుతాది. పాతకాలం పల్లెటూరి ఇళ్ళు, బడి, పోస్టాఫీసు, కొట్లు అన్నీ కలిపి 30కి పైనే ఉన్నాయి, కొన్ని వేరే చోట విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టినవి. మొదట తెచ్చిన రైతు ఇల్లు ఎయిర్‌పోర్ట్ రన్‌వే పెంచుతుంటే అడ్డొచ్చిందట, పడగొట్టేయకుండా ఇక్కడికి తెచ్చి కట్టుకున్నారు. అది విన్నాక నేను కాసేపు ఆ గుమ్మం దగ్గరే ఉండిపోయాను, ఎందుకంటే రిజర్వాయర్ కోసం మా పిన్ని వాళ్ళ ఊరు ఖాళీ చేయించినప్పుడు వాళ్ళు తెచ్చుకోగలిగింది ఒక్క ద్వారబంధమే, అది ఇప్పటికీ పెరట్లో గోడకి ఆనించి ఉంది.

లోపలికి అడుగు పెట్టగానే పొగ వాసన. టర్ఫ్ అని, బురద నేలలోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన మట్టిగడ్డలు, వాటితోనే మంట. "పిడకల పొయ్యి వాసన కాదేటే ఇది!" అంది అమ్మ. పొయ్యి పక్కన ఇనప చెయ్యి ఒకటి, దానికి గొలుసుతో నల్లటి గిన్నె వేలాడుతోంది, వంట అయిపోతే చెయ్యి పక్కకి తిప్పేస్తే చాలు గిన్నె మంట మీంచి తప్పుకుంటాది, అమ్మ దాన్ని రెండు మూడుసార్లు ఇటూ అటూ తిప్పి చూసింది. తలుపు అయితే అడ్డంగా రెండు ముక్కలు, పై సగం తీసి కింద సగం మూసి ఉంచుతారు. ఎవరూ చెప్పకుండానే అమ్మ చెప్పేసింది, కోళ్ళు లోపలికి రావు, పిల్లగుంటలు బయటికి పోరు, వెలుతురు మాత్రం వస్తాది అని.

అన్నిట్లోకీ నాకు నచ్చింది లూప్ హెడ్ ఇల్లు. సముద్రం ఒడ్డున గాలి దెబ్బ తినే ఊరి ఇల్లు కాబట్టి గడ్డి కప్పు మొత్తం తాళ్ళతో వల వేసినట్టు కట్టి బిగించారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా పాత పూరింటి కప్పు గంటలో ఎగిరిపోయింది, అది చూసినవాళ్ళకి ఈ తాళ్ళ విలువ తెలుస్తాది.

చివర్లో ఒక్క గది ఇల్లు ఉంది, భూమి లేని కూలివాడిది, అద్దె బదులు రైతు దగ్గర పని చేసేవాడట, మన కంబారి (పాలేరు) లాగే. అలాంటివాళ్ళకి బంగాళదుంపే అన్నం, 1845లో తెగులొచ్చి పంట కుళ్ళిపోవడం మొదలయ్యాక దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది దేశం వదిలి పోయారు. అమ్మ అక్కడ ఏమీ మాట్లాడలేదు.

కోట కూడా ఆ ఆవరణలోనే, 1425 నాటిది. బాగుంది కానీ మెట్లు చాలా ఇరుకు, గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద హాలు చూసి వచ్చేయండి. టీ, సోడా బ్రెడ్, వెన్న బాగున్నాయి, అమ్మ రెండుసార్లు తింది.

ఇంకో రోజు ఒక టూర్ వాన్ వాళ్ళతో అడేర్ వెళ్ళాం. 1820ల్లో జమీందారు కట్టించిన గడ్డి కప్పు ఇళ్ళు, ఇప్పటికీ వాడుకలో ఉన్నవి, అంత మంచి ఊళ్ళో మాకిచ్చింది ఇరవై నిమిషాలు, అమ్మ బండి దిగి రోడ్డు దాటేసరికే హారన్. డబ్బు కంటే ఆ టైం పోయినందుకే బాధేసింది. లిమరిక్ నుంచి మామూలు బస్సులు ఉన్నాయి, మీరే వెళ్ళండి.

బన్రాటీకి ఐదుకి ఐదు ఇస్తున్నా. పొద్దున్నే వెళ్ళండి, గొడుగు వద్దు, ఆ గాలికి తిరగబడిపోతాది, టోపీ ఉన్న రెయిన్‌కోట్ పట్టుకెళ్ళండి.