రొయ్యల ఎగుమతికి ఏది మేలు: పన్ను వాపసా, మేత మీద సుంకం తగ్గింపా?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు తెలిసిన ఆక్వా వాళ్లందరూ అడిగింది ఒకటే. ప్రభుత్వం ఆదుకోవాలంటే ఎగుమతిదారులకిచ్చే పన్ను వాపసు పెంచాలా, లేక మేతకీ, రొయ్య పిల్లల ఉత్పత్తికి వాడే తల్లి రొయ్యలకీ కట్టే దిగుమతి సుంకం ఇంకా తగ్గించాలా?

వాపసు అంటే ఇప్పుడు ప్రధానంగా రోడ్‌టెప్ పథకం. దీనికి ముందున్న ఎంఈఐఎస్ అనే ఎగుమతి ప్రోత్సాహక పథకం మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)కి వెళ్లి 2019లో ప్యానెల్ దగ్గర నెగ్గింది. దాంతో 2021 జనవరి 1 నుంచి ఈ పథకం వచ్చింది. జీఎస్టీలో తిరిగి రాని డీజిల్ వ్యాట్, కరెంటు సుంకం లాంటివాటిని ఎగుమతి అయ్యాక వెనక్కి ఇస్తారు. మన పన్నుల భారం విదేశీ కొనుగోలుదారు మీద పడకూడదన్న ఆలోచనలో తప్పేమీ లేదు. రొయ్యలకు 2024లో రేటు 2.5 నుంచి 3.1 శాతానికి పెంచారు. కష్టకాలంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు త్వరగా ఊపిరి పోసేది ఇదే, ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే.

కానీ నా దృష్టిలో అసలు తేల్చాల్సింది, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందన్నది. ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే షిప్పింగ్ బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల ఖాతాలోనే పడుతుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువు గట్టు మీద కరెంటు పోయిన రాత్రి చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్‌లో డీజిల్ పోసేది రైతు, ఆ డీజిల్ మీద వ్యాట్ కట్టేదీ రైతే. వాపసు మాత్రం ఎగుమతిదారుకి వెళ్తుంది. కొనేవాళ్లు పోటీపడే రోజుల్లో అందులో కొంత 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు తూగే సైజు) ధరలో కలిసి రైతు దాకా రావచ్చు. అమెరికా సుంకం వార్త వచ్చినప్పుడు మాత్రం కౌంట్ ధర పడిపోవడానికి ఎంతో కాలం పట్టలేదు. దిగేటప్పుడు ఉండే ఆ వేగం ఎక్కేటప్పుడు ఎందుకు ఉండదని రైతులు అడిగితే సమాధానం చెప్పేవాళ్లు లేరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2024 చివర్లో అమెరికా మన రొయ్యల మీద సబ్సిడీకి విరుగుడుగా కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ వేసింది, ఎక్కువ కంపెనీలకు అది 5.77 శాతం. ఆ లెక్క కట్టినప్పుడు డ్యూటీ డ్రాబ్యాక్‌నీ (ఎగుమతి సరుకులో వాడిన దిగుమతుల సుంకం వాపసు) రోడ్‌టెప్‌నీ కూడా సబ్సిడీల కింద చూశారు. ఇక్కడ పెంచింది అక్కడ వాళ్లు మళ్లీ లాక్కునే వీలుందన్నమాట. అదే సమయంలో మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యకు ఈ డ్యూటీ మనకన్నా తక్కువ పడింది, 2025 ఆగస్టులో ట్రంప్ సుంకం కూడా 15 శాతమే ఉండేది.

సుంకం తగ్గింపుకి ఆ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే అది ఎగుమతితో ముడిపడి లేదు. 2023 బడ్జెట్‌లో మేతలో వాడే ఫిష్ మీల్ (చేపల పొడి) మీద సుంకం 15 నుంచి 5 శాతానికి వచ్చింది. 2024 జులైలో తల్లి రొయ్యల మీద 10 నుంచి 5కి, రొయ్యల మేత మీద 15 నుంచి 5కి దించారు. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. కిలో రొయ్యకు కిలోన్నర దాకా మేత పడుతుంది కాబట్టి మేత కిలోకి 5 రూపాయలు తగ్గితే టన్ను పట్టుబడి మీద రైతుకు ఏడున్నర వేల దాకా మిగులుతాయి. ఆ సరుకు అమెరికా వెళ్లినా, చైనా వెళ్లినా, ఇక్కడే హైదరాబాద్‌లో అమ్ముడుపోయినా ఆ మిగులు అతనిదే. అందుకే నేను దీనివైపే మొగ్గుతాను.

ఎగుమతి రుణాల మీద ఇచ్చిన పాత వడ్డీ రాయితీ పథకం 2024 డిసెంబరుతో ముగిసింది, అలాంటి సాయం మంచిదే గానీ అది బ్యాంకులో రుణ పరిమితి (లిమిట్) ఉన్నవాళ్లకే. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలైన వాణిజ్య ఒప్పందం రొయ్యలకు మేలు చేసేదే, కాకపోతే అది అమెరికా అంత పెద్ద మార్కెట్ కాదు.

అయితే సుంకం తగ్గింపులోనూ ఒక లోపం ఉంది. సుంకం తగ్గినంత మాత్రాన ఫీడ్ కంపెనీ బస్తా మీద ధర తగ్గిస్తుందని ఎక్కడా రాసి లేదు. బయటి మేత చౌకగా వచ్చి పోటీ పడితేనే తగ్గుతుంది. అందుకని ఈ తగ్గింపులు అడిగే రైతు సంఘాలు దాంతోపాటే, బడ్జెట్‌కు ముందు బస్తా ఎంత, ఆర్నెల్ల తర్వాత ఎంత అన్న లెక్కను కంపెనీల వారీగా బయటపెట్టమని కూడా ప్రభుత్వాన్ని పట్టుబట్టి అడగాలి.