కోల్స్ 4104 లిప్ మైక్: కామెంటరీ నేర్చుకునేవాళ్లు కొనాలా?

స్టేడియం హోరెత్తిపోతున్నా కామెంటేటర్ గొంతు మాట మాటా విడిగా వినిపించాలంటే ఇప్పటికీ దీనికి సాటి వచ్చేవి తక్కువ. బీబీసీ ఇంజినీర్ల డిజైన్ నుంచి వచ్చిన రిబ్బన్ మైక్ ఇది, అంటే లోపల పల్చటి లోహపు రిబ్బన్ కదిలి శబ్దాన్ని పట్టుకుంటుంది. పైనున్న కమ్మీని పై పెదవికి ఆనించి మాట్లాడాలి. అప్పుడు నోటికీ రిబ్బన్‌కీ మధ్య సుమారు 54 మిల్లీమీటర్ల దూరం మారకుండా ఉంటుంది.

దీని పనితనమంతా ఆ దూరంలోనే ఉంది. రిబ్బన్ మైక్‌కి నోరు ఎంత దగ్గరైతే బేస్, అంటే గొంతులోని లోతైన శబ్దం, అంత పెరుగుతుంది. అలా పెరిగిన బేస్‌ని ఇందులో లోపలే కోసేస్తారు. దాంతో గొంతు సహజంగా వినిపిస్తుంది, దూరం నుంచి వచ్చే జనం గోలలో మాత్రం బేస్ అంతా పడిపోతుంది. కొత్తవాళ్లు మామూలు మైక్‌లా గడ్డం దగ్గర పట్టుకుంటారు. గొంతు వెంటనే పల్చబడుతుంది, ఇంజినీర్ గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే స్థాయి) పెంచుతాడు, ఆ గెయిన్‌తో పాటే గోల కూడా లోపలికొచ్చేస్తుంది. కమ్మీ పెదవిని వదిలిందంటే మాట్లాడకండి.

గోల్ పడ్డప్పుడు అరవాల్సిన పని కూడా లేదు. జనం శబ్దానికి వేరే మైకులుంటాయి. మీ గొంతులో ఉత్సాహం ఉంటే చాలు, ఎంత వినిపించాలో మిక్సర్ దగ్గర చూసుకుంటారు.

లోపాలూ చిన్నవేం కాదు. అవుట్‌పుట్ బాగా తక్కువ. 60 డీబీ (డెసిబెల్స్) దాకా శుభ్రమైన గెయిన్ ఇచ్చే ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ని పెంచే పరికరం, లేకపోతే మాట వెనక బుస్సుమనే చప్పుడు వస్తుంది. ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైక్‌కి పంపే కరెంటు) అక్కర్లేదు, ఆపేసి ఉంచడమే మంచిది. అది ఆన్‌లో ఉండగా కేబుల్‌లో లోపం ఉంటే రిబ్బన్ దెబ్బతినొచ్చు. పనిచేస్తోందో లేదో చూడ్డానికి 'ఫూ' అని ఊదడం ఇంకా ప్రమాదం, ఆ గాలికే రిబ్బన్ సాగిపోవచ్చు. మాట్లాడి చూడండి.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, ఒక చెయ్యి పూర్తిగా దీనికే పోతుంది. స్కోరు రాసుకుంటూ, ఆటగాళ్ల పేర్ల కాగితం తిప్పుకుంటూ ఒక్కరే చెప్పాలంటే కష్టం. అలాంటి పనికి సెన్‌హైజర్ హెచ్‌ఎండీ 26 లాంటి, హెడ్‌ఫోన్‌కే మైక్ తగిలించి ఉండే డైనమిక్ హెడ్‌సెట్ నయం. దాని బూమ్‌ని (మైక్ ఉండే కాడని) నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకి రెండు వేళ్ల దూరంలో పెడితే ప, బ శబ్దాలు ఠప్పుమనవు.

అందుకే మొదటి మైక్‌గా దీన్ని కొనొద్దని గట్టిగా చెబుతాం. డెమో కోసం నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేస్తే దీని గొప్పతనం బయటపడదు, గొంతు కాస్త మూసుకుపోయినట్టే ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకుని, టీవీలో ఆట పెట్టి సౌండ్ ఆపేసి, ఆగకుండా పది నిమిషాలు కామెంటరీ చెప్పి రికార్డు చేసుకోండి. వినేటప్పుడు స్కోరూ సమయమూ ఎన్నిసార్లు చెప్పారో లెక్కపెట్టండి. రేడియోకైతే మధ్యలో ట్యూన్ చేసినవాళ్లకి ఆట ఎక్కడుందో ఒకట్రెండు నిమిషాల్లో తెలిసిపోవాలి.

స్టేడియంలో అవకాశం వచ్చినప్పుడు ఈ మైక్‌ని సాధారణంగా ప్రసార సంస్థే ఇస్తుంది. నలుగురి పెదవులూ తగిలే వస్తువు కాబట్టి చేతులు మారిన ప్రతిసారీ కమ్మీని తుడవండి. తుడిచే ద్రవాన్ని గుడ్డమీదే వేసుకోవాలి, జాలీ మీద చల్లకూడదు.