డాలీ పార్టన్ పుట్టిన కొండల్లో

పల్లె పాటల మూలాలున్న అమెరికా కంట్రీ సంగీతంలో మహోన్నత స్థాయికి చేరిన డాలీ పార్టన్ జీవితాన్ని చూడాలని టెన్నెసీ రాష్ట్రానికి వెళ్లేవారికి నేను దాని రాజధాని నాష్‌విల్ కంటే ఆమె పుట్టి పెరిగిన సెవియర్ కౌంటీకే ఎక్కువ సమయం కేటాయించమని చెబుతాను.

నాష్‌విల్‌లో రైమన్ ఆడిటోరియం మాత్రం వదలకూడనిది. 1892లో ప్రార్థనామందిరంగా ప్రారంభమైన ఆ భవనంలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం 1974 వరకు సాగింది. డాలీ పదమూడేళ్ల వయసులోనే ఆ వేదికపై పాడారు. 1964లో పాఠశాల చదువు ముగిసిన మర్నాడే ఆమె ఈ నగరానికి వచ్చేశారు. అయితే నగరం నడిబొడ్డున మేము దిగిన హోటల్‌లో కారు పార్కింగ్‌కు విడిగా చెల్లించవలసి వచ్చింది, అర్ధరాత్రి దాటినా వీధిలో హోరు తగ్గలేదు.

అక్కడి నుంచి తూర్పుగా సుమారు 350 కిలోమీటర్లు వెళితే స్మోకీ పర్వతాల చెంత సెవియర్ కౌంటీలోని పిజన్ ఫోర్జ్ పట్టణం వస్తుంది. ఇక్కడ 1986లో డాలీ పేరు పెట్టుకున్న డాలీవుడ్ వినోద పార్కులో అన్నిటికంటే నన్ను కదిలించినది ఆమె బాల్యగృహానికి నమూనాగా నిలిపిన రెండు గదుల ఇల్లు. ఆమె సోదరుడు బాబీ దానిని కట్టగా, లోపలి అమరికను తల్లే స్వయంగా తీర్చారు. పన్నెండుమంది పిల్లలున్న కుటుంబం అంత ఇరుకులో ఎలా బతికిందో ఆ గడప దగ్గర నిలబడితే గాని బోధపడదు. 1946లో డాలీ పుట్టినప్పుడు తండ్రి వద్ద డబ్బు లేక వైద్యుడికి మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చారట. ఆ వైద్యుడు రాబర్ట్ ఎఫ్. థామస్ పేరుతోనే పార్కులో ప్రార్థనాలయం ఉంది. చదవడం రాని ఆ తండ్రి స్ఫూర్తితోనే 1995లో ఆమె పసిపిల్లలకు ఉచితంగా పుస్తకాలు పంపే పథకాన్ని ఈ కౌంటీలో ప్రారంభించారు.

బసకు పార్కువారి డ్రీమ్‌మోర్ రిసార్ట్ నుంచి పార్కుకు ఉచిత బస్సు ఉంటుంది కనుక పెద్దవారితో వచ్చేవారికి అది అనుకూలం. వంట చేసుకునే మన కుటుంబాలకు కొండమీద అద్దెకిచ్చే చెక్క ఇళ్లు, అంటే క్యాబిన్లే మేలు. నిటారు మలుపుల దారులు కాబట్టి చీకటి పడకముందే చేరుకోవాలి. పార్కులో శాకాహారం పరిమితమే, కాని మిల్లు దగ్గర వేడివేడిగా అమ్మే దాల్చినచెక్క రొట్టె కోసం వరుసలో నిలబడవచ్చు.

కౌంటీ కేంద్రమైన సెవియర్‌విల్‌లో న్యాయస్థానం ముందు గిటారుతో, చెప్పులు లేని కాళ్లతో కూర్చున్న ఆమె విగ్రహాన్ని చూడటానికి రుసుము లేదు. శీతకాలంలో పార్కు కొన్ని వారాలు మూసి ఉంటుంది, తెరిచే నెలల్లోనూ కొన్ని వారపు రోజులు సెలవు. టికెట్లకు ముందే తేదీలు సరిచూసుకోండి.