అక్షరాలు ఇచ్చి పొడుగు ఇంగ్లిష్ పదాలు పట్టుకోవడం: ఆరేళ్లుగా వన్‌లుక్ వాడిన అనుభవం

నేను హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఆరేళ్లుగా దాదాపు ప్రతి వారం వన్‌లుక్ అనే ఇంగ్లిష్ డిక్షనరీ సైటు వాడుతున్నాను, ఎక్కువగా ఫోన్‌లోనే. డబ్బులు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. చాలామంది దీన్ని అర్థాలు చూసుకోవడానికి వాడతారు కానీ నా అవసరం వేరు. ఫలానా అక్షరాలు పక్కపక్కన వచ్చే పదాలు కావాలి, అందులోనూ పొడుగువి కావాలి.

ఎందుకంటే మన పిల్లలు స్పెల్లింగ్ తప్పులు ఎక్కడ పడితే అక్కడ చెయ్యరు. తెలుగులో ఒత్తు రాస్తే పలుకుతాం, పలికితే రాస్తాం. అక్క అన్నప్పుడు ఆ ఒత్తు చెవికి తెలుస్తుంది. అదే చెవితో అకామడేషన్ అని వింటే ఒక్క సీ, ఒక్క ఎమ్మే వినిపిస్తాయి, పిల్లాడు అలాగే రాస్తాడు. కమిటీలోనూ అంతే, జంట ఎమ్, జంట టీ, జంట ఈ ఉన్నాయని చెవికి ఎలా తెలుస్తుంది? ఇలాంటివి పదేసి సార్లు ఇంపోజిషన్ రాయించినా మళ్లీ పరీక్షలో అదే తప్పు రావడం చూసి చూసి, ఒకే రకం చిక్కు ఉన్న పదాలన్నీ ఒకచోట బోర్డు మీద పెడితే ఎలా ఉంటుందని మొదలుపెట్టాను. కానీ అడగ్గానే అన్ని పదాలు గుర్తుకు రావు కదా, అక్కడే ఈ సైటు పనికొచ్చింది.

వాడే పద్ధతి తేలికే. స్టార్ గుర్తు పెడితే అక్కడ ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు, ప్రశ్నార్థకం పెడితే సరిగ్గా ఒక్క అక్షరం. స్టార్, రెండు సీలు, స్టార్, రెండు ఎమ్‌లు, స్టార్ అని కొడితే అకామడేట్, అకామడేషన్ కుటుంబమంతా వచ్చేస్తుంది. అసలు కిటుకు కామాలో ఉంది, కామా పెట్టి రెండో షరతు కూడా చేర్చవచ్చు. ఇంత పొడుగు తక్కువ కాకుండా కావాలంటే కామా తర్వాత పన్నెండు ప్రశ్నార్థకాలు, చివర ఒక స్టార్ పెడతాను, అప్పుడు 12 అక్షరాలకు తక్కువున్న పదాలేవీ రావు. ఇది తెలియక మొదటి ఏడాదంతా పెద్ద పెద్ద జాబితాల్లో పొడుగు పదాలు కళ్లతో ఏరుకున్నాను.

నాకు బాగా కలిసొచ్చిన వెతుకులాట పీ, హెచ్, టీ, హెచ్ నాలుగూ వరసగా ఉన్న పదాలది. కంటి డాక్టర్ల బోర్డుల మీద కూడా మొదటి హెచ్ ఎగిరిపోయి ఉండటం మీరూ చూసే ఉంటారు. వెతికితే 15 అక్షరాల ఆఫ్తాల్మాలజిస్ట్ వచ్చింది, విటమిన్ ఏ లోపంతో వచ్చే జిరాఫ్తాల్మియా వచ్చింది, అది 13. డిఫ్తీరియా వచ్చింది, అంటే కంఠసర్పి, డీపీటీ టీకాలో మొదటి డీ అదే. చివర నాఫ్తలీన్ రాసి, ఇది మీ ఇంట్లోనే ఉంది, ఏంటో చెప్పండి అన్నాను. ఎవరికీ తట్టలేదు. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు అనగానే క్లాసంతా ఒక్కసారి గోల. మర్నాడు ఒకమ్మాయి ఖాళీ ప్యాకెట్ తెచ్చి, దాని మీద ఉన్న పేరులో ఆ నాలుగు అక్షరాల కింద పెన్నుతో గీత గీసి చూపించింది. ఈ గుంపులో ఇంకో లాభం, ఇక్కడ చెవి సాయం చేస్తుంది. డిప్తీరియా అనకుండా డిఫ్తీరియా అని ఫ పలకడం అలవాటైతే ఆ హెచ్ రాయడం మర్చిపోరు. గ్రీకులో ఫై, థీటా అనే రెండు అక్షరాలు కలిసి ఇంగ్లిష్‌లోకి ఇలా వచ్చాయని చెబితే పిల్లలు ఇష్టంగా విన్నారు.

ప్లస్ గుర్తు కూడా ఉంది, దాని తర్వాత ఇచ్చిన అక్షరాలు తప్ప వేరేవి రానివ్వదు. కీబోర్డు పై వరస అక్షరాలు పది ఇచ్చి చూడండి, టైప్‌రైటర్, ప్రొప్రైటర్, పర్పెట్యుటీ (perpetuity), రెపర్త్వా (repertoire) లాంటి పది అక్షరాల పదాలు దొరుకుతాయి. కంప్యూటర్ రూమ్‌లో పిల్లలు వేళ్లు పై వరస దాటకుండా వీటిని కొట్టి చూస్తారు.

దీనికంటే ముందు ఫోన్‌లో వేరే పదాల యాప్ ఒకటి వాడాను. యాడ్స్ సంగతి పక్కన పెట్టండి, అది ఇచ్చిన ఒక పదాన్ని నమ్మి క్విజ్‌లో పెట్టేశాను. అర్థమేంటి సార్ అని ఒకబ్బాయి అడిగాడు, ఎన్ని డిక్షనరీలు తిరగేసినా దొరకలేదు. ఆ ప్రశ్న తీసేసి అందరికీ మార్కు కలిపాను కానీ ఆ టెన్షన్ చాలా రోజులు ఉంది. వన్‌లుక్ చాలా డిక్షనరీలకు ఉమ్మడి సూచిక లాంటిది కాబట్టి ఇందులోనూ పదబంధాలు, పేర్లు కలిసే వస్తాయి, అయితే పదం నొక్కితే అది ఏయే డిక్షనరీల్లో ఉందో తెలుస్తుంది. నాకు తెలిసిన రెండు డిక్షనరీల్లోనైనా కనిపించకపోతే ఆ పదాన్ని బోర్డెక్కించను.

నెట్ లేని రోజుల కోసం ఎనేబుల్ అనే పదాల ఫైలు లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. పబ్లిక్ డొమైన్‌లోనే ఉంది, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, 1,72,000 పైచిలుకు పదాలు, వరసకో పదం, ఫైళ్లలో అక్షరాలు వెతికిపెట్టే గ్రెప్ అనే కంప్యూటర్ కమాండ్‌తో రెప్పపాటులో వెతకొచ్చు. అర్థాలు ఉండవు, పేర్ల గొడవా ఉండదు. గ్రెప్‌లో స్టార్, ప్రశ్నార్థకాల లెక్క మాత్రం వేరు, అక్కడ ఒక్క అక్షరానికి చుక్క పెట్టాలి. వన్‌లుక్ అలవాటులో ప్రశ్నార్థకం కొట్టేసి పదాలు లేవనుకోకండి.

స్పెల్లింగ్ చెప్పే టీచర్లెవరైనా ఇది మొదలుపెట్టాలనుకుంటే ముందు మీ పిల్లల పాత ఆన్సర్ షీట్లు ఒక పాతిక తీసి, ఎక్కువమంది ఏ అక్షరాల దగ్గర తడబడ్డారో రాసుకోండి. నా దగ్గర ఈ నెల జంట ఎమ్, జంట టీ నడుస్తోంది. కమిటీ, కమిటెడ్ అయిపోయాయి, సోమవారం 12 అక్షరాల నాన్‌కమిటల్ బోర్డు మీదికి ఎక్కుతుంది.