బ్లడ్ క్లామా, అనడారా గ్రానోసానా: ఏ పేరు మేలు?

కాకినాడ తీరపు బురదలో దొరికే బుడిత గుల్లకు ఇంగ్లిష్‌లో బ్లడ్ క్లామ్ అనీ, బ్లడ్ కాకిల్ అనీ రెండు పేర్లు. శాస్త్రజ్ఞుల దగ్గరా రెండున్నాయి: పాత పుస్తకాల్లో అనడారా గ్రానోసా, ఇప్పుడు టెగిలార్కా గ్రానోసా. వీటిలో దేన్ని పట్టుకోవాలి?

'బ్లడ్' అన్న మాట నిజమే చెబుతుంది. గుల్ల తెరిస్తే ఎర్రటి నీరు కారుతుంది. మన నెత్తుటిలో ఉండే హిమోగ్లోబినే దీనిలోనూ ఉంది, చాలా గుల్లల్లో అది ఉండదు. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో బతకడానికి అదే ఆసరా. ఒక్కసారి చూసినవాళ్లు ఈ పేరు మర్చిపోరు. అయితే జపాన్‌లో సుషీలో వాడే అకగాయ్‌ని కూడా బ్లడ్ క్లామ్ అనే అంటారు. అది వేరే జాతి, అనడారా బ్రౌటోనీ.

'కాకిల్' అయితే పూర్తిగా తప్పుదారి. అసలైన కాకిల్స్‌ది కార్డిడే కుటుంబం, మన గుల్లది ఆర్సిడే. రెండింటి మీదా నిలువు గట్లు ఉంటాయి కాబట్టి పైకి ఒకేలా కనిపిస్తాయి. చిప్ప విప్పి చూడండి. రెండు చిప్పలూ అతుక్కునే అంచు తిన్నగా ఉండి, దువ్వెన పళ్లలా సన్నటి పళ్లు బారుగా ఉంటే అది ఆర్సిడే. కాకిల్‌కు అక్కడ ఉండేవి నాలుగైదు పళ్లే.

మరి శాస్త్రీయ నామమైనా నిలకడగా ఉందా? 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ ఆర్కా గ్రానోసా అని పెట్టాడు. తర్వాత అనడారా అయింది, ఆపైన టెగిలార్కా. ఇంటిపేరు రెండుసార్లు మారినా 'గ్రానోసా' మాత్రం మారలేదు. లాటిన్‌లో గ్రానమ్ అంటే గింజ. ఆ గట్ల మీద వేలితో రాస్తే గింజలు పేర్చినట్టు బొడిపెలు తగులుతాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన పేరు ఇదే, ఎందుకంటే చేత్తో పట్టుకుని సరిచూసుకోవచ్చు.

బజారులో బుడిత గుల్ల అంటే చాలు. సున్నం కాల్చేవాళ్లకు ఉత్త గుల్ల అన్నా సరిపోతుంది. తిండి గురించి రాసేటప్పుడు మాత్రం జాతి పేరు ఉండి తీరాలి. 1988లో షాంఘైలో సరిగా ఉడకని గుల్లలు తిని దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్ ఎ సోకింది. అవీ ఆర్సిడేవే, కానీ గ్రానోసా కాదు. కలుషితమైన నీళ్లలో పెరగడం వల్ల వచ్చిన ముప్పు అది. పేరు సరిగా రాయకపోతే ఆ నింద మన గుల్ల మీద పడుతుంది.

కాకినాడ గుల్లల మీద పాత పరిశోధనలు వెతికేవాళ్లు 'అనడారా' అని కూడా కొట్టి చూడండి. 'టెగిలార్కా' ఒక్కటే కొడితే వాటిలో చాలా మటుకు కనిపించవు.