హాస్టళ్లలో ఉండే పిల్లలకి సంఘంలో ఒక అమ్మా నాన్నా: నా రివ్యూ

హైదరాబాద్‌కి ఉద్యోగం కోసం వచ్చి హాస్టల్లో ఉంటున్న క్రైస్తవ పిల్లలు ముందు అడిగేది ఆదివారం ఏ సంఘానికి వెళ్తే బాగుంటుందని. పాటలు ఎక్కడ బాగుంటాయో, ప్రసంగం ఎక్కడ బాగుంటుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాసేది దాని గురించి కాదు. కూకట్‌పల్లిలో మేం వెళ్లే సంఘంలో, ఊరొదిలి ఒంటరిగా వచ్చినవాళ్లని పెద్ద వయసు దంపతులకి అప్పగిస్తారు. ఆత్మీయ తల్లిదండ్రులు అంటారు వాళ్లని. ఫీజు లేదు, ఫారాలు లేవు, ఆరాధన అయ్యాక అమ్మగారితో, అంటే పాస్టర్ గారి భార్యతో, ఒక మాట చెప్తే చాలు.

నన్ను చూసుకుంటున్న అంకుల్ రైల్వేలో చేసి రిటైర్ అయ్యారు, ఆంటీ గవర్నమెంట్ స్కూల్ టీచర్‌గా చేశారు. ఒక ఇంటికి నలుగురు పిల్లల్ని మించి ఇవ్వరు. నెలకో ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లోనే అన్నం, తిన్నాక ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటారు. ప్రార్థన చేసుకుంటున్నావా అన్నది ఒక్కటే అడిగి ఊరుకోరు, ఇంటికి ఫోన్ చేశావా, జీతం పడిందా, యాప్‌లలో అప్పులేమైనా తీసుకున్నావా, ముఖం ఎందుకలా ఉంది, అన్నీ అడుగుతారు. ఆడపిల్లలతో ఆంటీయే మాట్లాడతారు, అంకుల్ ఒంటరిగా కూర్చోరు, అది సంఘం పెట్టిన నియమం. నాకు నైట్ షిఫ్టులు పడి వాక్యం, అంటే బైబిల్, చదవడం కుదరడం లేదని చెప్తే, ఆంటీ ఉపదేశం ఏమీ చెయ్యకుండా "క్యాబ్ ఎక్కగానే నాకు ఫోన్ చెయ్యమ్మా, నేను చదువుతా, నువ్వు విను" అన్నారు. షిఫ్ట్ మారేదాకా రోజుకో కీర్తన చదివారు. 121వ కీర్తన అంటే ఆవిడకి ప్రత్యేకం, కాపాడేవాడు నిద్రపోడని ఉంటుంది కదా, ఇది నైట్ షిఫ్ట్ వాళ్లదేనమ్మా అనేవారు.

యూట్యూబ్ తెరిస్తే ప్రసంగాలకి కొదవ లేదు, కానీ జ్వరమొచ్చి రెండు ఆదివారాలు రాకపోతే ఏమైందని అడిగేది ఎవరు? బోధకులు పదివేలమంది ఉన్నా తండ్రులు ఎక్కువమంది లేరని బైబిల్లో పౌలు కొరింథువాళ్లకి రాసింది ఈ బాధతోనే.

మా సంఘానిది మెథడిస్టు మూలం, అందుకే కాబోలు ఈ పద్ధతి మావాళ్లకి కొత్తగా అనిపించలేదు. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ప్రార్థన మందిరం మీదున్న అప్పు తీర్చడానికి, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ దగ్గరున్నవాళ్లు పన్నెండుమందికి ఒక నాయకుణ్ణి పెట్టి మనిషికి వారానికో పెన్నీ వసూలు చేద్దామనుకున్నారు. ఆ నాయకులు డబ్బుల కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే ఎవరు తాగుతున్నారు, ఏ ఇంట్లో గొడవలున్నాయి అన్నీ బయటపడ్డాయి, దాంతో అప్పు కోసం పెట్టిన ఏర్పాటే మనుషుల్ని పట్టించుకునే ఏర్పాటు అయిపోయింది. మెథడిస్టులు క్లాస్ మీటింగ్ అనేది దాన్నే. మా దగ్గర మాత్రం అంకుల్ వాళ్లు కానుక మాట ఎత్తరు, అది నాకు చాలా నచ్చింది.

అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. వీళ్లు మన తరఫున నిర్ణయాలు తీసుకోరు. నాకు ఒక సంబంధం వచ్చినప్పుడు "అంకుల్, మీరే చెప్పండి, చేసుకోమంటారా?" అని అడిగాను. ఆయన అబ్బాయి గురించి నేను కనుక్కోవాల్సినవేంటో చెప్పారు, నాతో కలిసి ప్రార్థన చేశారు, చేసుకో అని గానీ వద్దని గానీ అనలేదు, మీ అమ్మానాన్నలతో మాట్లాడి నువ్వే తేల్చుకో తల్లీ అన్నారు. ఇది చిన్న విషయం కాదు. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడాలో షెపర్డింగ్ ఉద్యమం అని ఒకటి నడిచింది, ప్రతి విశ్వాసి ఒక కాపరికి లోబడి ఉండాలన్నారు, అది ముదిరి పెళ్లి, ఉద్యోగం, డబ్బు అన్నిట్లో ఆ కాపరి మాటే చెల్లే దాకా వెళ్లింది, చాలామంది నలిగిపోయారు, చివరికి దాన్ని నడిపిన ఐదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మన దగ్గర కూడా ఉద్యోగం మారాలంటే ఆత్మీయ తండ్రి అనుమతి కావాలనే చోట్లు ఉన్నాయి. అలాంటి చోట ఎంత ప్రేమగా పిలిచినా వెళ్లకండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మా రూమ్మేట్ తన ఇంటి సంగతి ఒకటి తనని చూసుకునే ఆంటీకి చెప్పుకుంటే, అది ప్రార్థన అంశం పేరుతో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయింది, పాపం తను రెండు రోజులు ఎవరి ముఖమూ చూడలేకపోయింది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు, కానీ కన్నతల్లి అయితే పెట్టదు కదా. అమ్మగారికి గట్టిగానే చెప్పాం, ఆవిడ ఆ ఆంటీతో కలిసి మా హాస్టల్‌కే వచ్చి సారీ చెప్పించారు, ఇప్పుడు చెప్పినవాళ్లని అడక్కుండా ఎవరి అంశమూ గ్రూపులో పెట్టడం లేదు.

రెండోది, దంపతులనే తీసుకుంటారు. మా సంఘంలో భర్త పోయిన ఒక పెద్దావిడ ఉన్నారు, ఆస్పత్రిలో ఎవరున్నా ముందు ఆవిడే క్యారేజీ పట్టుకుని వెళ్తారు, ఉపవాస ప్రార్థనకి అందరికంటే ముందొచ్చి చాపలు పరుస్తారు. ఆవిడకి ఒక్క బిడ్డనీ అప్పగించలేదు. ఇంకోవైపు ఇళ్లు చాలక కొత్తగా వచ్చినవాళ్లు నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. ఈ నియమం మార్చాలి, అమ్మగారితో కూడా ఇదే అన్నాను, పెద్దల కమిటీలో పెడతామన్నారు. అది మార్చేదాకా నా రేటింగ్ అయిదుకి నాలుగే. చేరాలనుకునేవాళ్లు మాత్రం కొత్త బ్యాచ్‌లు దిగే జూన్, జూలై దాకా ఆగకుండా ముందే పేరు చెప్పుకోండి.