లేపాక్షి: నీడల్లేని పైకప్పు

లేపాక్షిలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి, నంది దగ్గర సెల్ఫీ దిగి, గంటలో తేల్చేస్తారు. వీరభద్రస్వామి గుడిలో అసలు చూడాల్సింది తలపైన ఉంది. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల హయాంలో పైకప్పు మీద వేయించిన రంగుల బొమ్మలవి.

ఐరోపా చిత్రాల్లో దేవుడొచ్చాడని వెలుగే చెబుతుంది. 1600 నాటికి ఇటలీ చిత్రకారుడు కారవాజ్జియో పూర్తిచేసిన, క్రీస్తు మత్తయిని శిష్యుడిగా పిలిచే చిత్రంలో, క్రీస్తు వైపు నుంచి చీకటి గదిలోకి ఏటవాలుగా వెలుగు పడుతుంది. లేపాక్షిలో ఆ లెక్కే లేదు. చదునుగా పూసిన రంగు, చుట్టూ నల్లగీత, అంతే. స్వయంవరంలో నలుడి రూపంలో వచ్చిన దేవతలకు నీడ లేదు, నీడ ఉన్నవాడే నలుడని దమయంతి పోల్చుకుంది కదా, ఇక్కడ ఆమె పప్పులుడకవు. మనుషులకూ నీడ లేదు.

మరి దేవుణ్ణి ఎలా చూపారు? నాకు బాగా నచ్చింది మనునీతి చోళుడి కథ. కొడుకు రథం కింద దూడ చచ్చిపోయింది, ఆవు వచ్చి ధర్మగంట మోగించింది, రాజు కొడుకునూ అదే రథం కింద వేయించాడు. అప్పుడు శివుడు దిగివచ్చి ఇద్దర్నీ బతికిస్తాడు. కథ వెంబడి మెడ పైకెత్తి నడుస్తూ పోతే దేవుడు ఎదురవుతాడు. కిరాతార్జునీయంలో ఇంకో తమాషా: ఒకే పందికి అర్జునుడూ, ఒక వేటగాడూ గురిపెట్టారు. ఆ వేటగాడు శివుడని మనకు తెలుసు, పాపం అర్జునుడికి తెలియదు. గర్భగుడి ముందుండే అర్ధమంటపం పైకప్పు మీద వీరభద్రుడైతే కొలతతోనే బెదరగొడతాడు. కాళ్ల దగ్గర విరూపణ్ణ, వీరణ్ణ ఇద్దరూ చిటికెడంత. రంగు మాత్రం చాలాచోట్ల రాలిపోయింది.

మాకు దొరికిన గైడ్ స్తంభం గురించి ఆపకుండా చెప్పాడు, బొమ్మల దగ్గరికొచ్చేసరికి "పాత పెయింటింగ్స్ సార్" అని ఊరుకున్నాడు. బొమ్మల కథలు తెలుసా అని ముందే అడిగి, తెలిస్తేనే మాట్లాడుకోండి. చిన్న బైనాక్యులర్ ఉంటే గైడ్ కన్నా మేలు. ఫ్లాష్ మాత్రం వద్దు.

బస హిందూపురంలో పెట్టుకోవడం నయం. 15 కిలోమీటర్లే, రైల్వే స్టేషన్ ఉంది, తిండికి నాలుగు చోట్లు దొరుకుతాయి. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్లు అడిగితే బకెట్టుతో తెచ్చిచ్చారు.

నీడలే చూడాలనుకుంటే తాడిపత్రి వెళ్లండి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలో సగంలో ఆగిపోయిన గోపురాల మీద చెక్కడం ఎంత లోతంటే, సాయంత్రం ఏటవాలు ఎండకు ఒక్కో బొమ్మా విడిగా తేలుతుంది. రెండూ ఒకే రోజులో పెట్టుకుంటే మాత్రం రోడ్డు మీదే సగం పొద్దు పోతుంది.